దుప్పి వేటకి ఏం తొడుక్కోవాలి?

ముందే చెప్పేస్తున్నా, నేను వేటాడతాను. విల్లుతో. శాకాహార మిత్రులు ఇక్కడితో ఆపేసినా ఏమీ అనుకోను. ఆఫీసులో మనవాళ్ళకి ఈ సంగతి తెలిసిన రోజున "నువ్వా? నందిగామోడివా?" అని పడీపడీ నవ్వారు. నందిగామకీ వేటకీ పొత్తు ఎందుకు కుదరదో నాకు అర్థం కాలేదు గానీ, "ఇంట్లో కోడిని కోస్తుంటే గొడ్లసావిట్లోకి పారిపోయేవాడివి కదరా" అని మా అమ్మ ఫోన్లో అన్న మాటకి మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

సరే, ఎందుకు మొదలైంది, ఎలా మొదలైంది అనేది ఇంకోసారి. ఇవాళ బట్టల గురించి రాస్తాను. వేటకెళ్ళేవాడికి బట్టల గోలేమిటి అనకండి. ఒక కోటు మూలాన నా చేతిలో ఒక జీవం దిక్కులేని చావు చచ్చింది. అదే కోటు మూలాన మా నాన్న ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత మచ్చ మిగిలింది. రెండింట్లోనూ తప్పు కోటుది కాదు, నాదే. అందుకే రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

నేనుండేది ఆస్టిన్లో. అక్కడికి రెండు గంటల దూరంలో కెర్‌విల్ చుట్టుపక్కలంతా సున్నపురాయి గుట్టలు. గుట్టల నిండా ముళ్ళకంపా, సీడర్ అని పిలిచే పొట్టి చెట్లూ. మొదటిసారి చూసినప్పుడు జగ్గయ్యపేట అవతల సిమెంటు ఫ్యాక్టరీల వైపు వెళ్తున్నట్టే అనిపించింది. అదీ సున్నపురాయి నేలే కదా. తమాషా ఏమిటంటే ఆ గుట్టల్లో తిరిగే జంతువు కూడా మనదే. చుక్కల దుప్పి. 1932 ప్రాంతంలో మన దేశం నుంచి తెప్పించిన దుప్పుల్ని టెక్సస్‌లో వదిలారు, అవి ఇప్పుడు మందలు మందలుగా పెరిగిపోయాయి. యాక్సిస్ డీర్ అంటారు. అక్కడి స్థానిక జింకకి వేట కాలం ఇన్ని నెలలని ఉంది. దీనికి లేదు, లైసెన్సూ పొలం ఆసామి అనుమతీ ఉంటే ఏడాది పొడుగునా కొట్టుకోవచ్చు. అదే దుప్పిని మన దగ్గర కొడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద జైలు. నాన్నకి ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఈసా లేకుండా పోయిందా అది?" అన్నాడు.

(వీసా అంటే గుర్తొచ్చింది. హెచ్‌వన్ మీద ఉన్నవాడు తుపాకీ పట్టుకోవాలంటే సవాలక్ష షరతులున్నాయి. విల్లు తుపాకీ కింద లెక్క కాదు గనక ఆ తలనొప్పి లేదు. నేను విల్లు పట్టడానికి అసలు కారణం శౌర్యం కాదు, పేపర్‌వర్క్ :-) )

ఇప్పుడు చలి సంగతి. మినిసోటాలో ఉన్న మిత్రులు టెక్సస్ చలి అంటే నవ్వుతారు. నిజమే, కానీ బట్టల విషయంలో వాళ్ళ బతుకే సుఖం. మైనస్ ఇరవైలో ఆలోచించేదేముంది, ఉన్నవన్నీ తొడుక్కోవడమే. మాకు జనవరిలో తెల్లవారుఝామున రెండు మూడు డిగ్రీలు, మధ్యాహ్నం పదహారు పదిహేడు. పొద్దున ఐదింటికి సరైన బట్ట పదింటికి సరైనది కాదు. పైగా విల్లు వేట అంటే అరగంట చెమటలు కారేలా గుట్ట ఎక్కడం, ఆ తర్వాత నాలుగ్గంటలు కన్నార్పకుండా కూర్చోవడం. తుపాకీ అయితే రెండొందల గజాల నుంచి పేల్చొచ్చు. బాణానికి దుప్పి ఇరవై పాతిక గజాల్లోకి రావాలి. అంత దగ్గర మన చొక్కా చప్పుడు దానికి వినపడుతుంది. అంటే వెచ్చదనం ఒక్కటే చూసుకుంటే సరిపోదు, చప్పుడు కాకూడదు, చెమట పట్టకూడదు, తాడు లాగేటప్పుడు అడ్డం రాకూడదు.

ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. 2021 డిసెంబరులో తెలియదు.

అప్పటికి హంటర్ ఎడ్యుకేషన్ పాసయ్యాను (1971 సెప్టెంబరు 2 తర్వాత పుట్టిన వాళ్ళందరికీ టెక్సస్‌లో అది తప్పనిసరి), పెరట్లో ఆరు నెలలు గురి చూసి కొట్టడం నేర్చుకున్నాను. ఎప్పుడూ టీషర్టులోనే. మా క్యూఏ టీములో ఒక పెద్దాయన, పుట్టి పెరిగింది అక్కడే, తన చుట్టాల రాంచ్‌కి తీసుకెళ్ళాడు. దానికి రెండు వారాల ముందు నేను మన పద్ధతిలో రివ్యూలన్నీ చదివి, ఎక్కువ నక్షత్రాలున్న ఒక ఉబ్బు కోటు కొన్నాను. రెండొందల నలభై డాలర్లు. లోపల పాలిస్టర్ దూది, పైన నైలాన్. బరువే ఉండదు, తొడుక్కుంటే పొయ్యి పక్కన కూర్చున్నట్టుంటుంది. పెద్దాయన కారులో దాన్ని ఒకసారి చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. అనుంటే బాగుండేది.

ఐదింటికి బయల్దేరాం. కాటన్ బనీను, దాని మీద కాటన్ టీషర్టు, దాని మీద స్వెట్టరు, దాని మీద సదరు కోటు. మైలు దూరం ఎత్తుకి నడిచేసరికి వీపంతా తడిసిపోయింది. వాళ్ళు ట్రీ స్టాండ్ అంటారు, నాకైతే అచ్చం మన పొలంలో మంచె. ఎక్కి కూర్చున్నాను. పదిహేను నిమిషాలు హాయిగా ఉంది. తర్వాత ఆ తడి బనీను ఐసుముక్కలా వీపుకి అతుక్కుంది. మీద ఎంత కోటున్నా లోపలినుంచి వచ్చే చలిని అదేం చేస్తుంది? కాటన్ తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తుంది, ఆరడానికి పూటంతా పడుతుంది. ఏడింటికల్లా పళ్ళు కొట్టుకుంటున్నాయి.

ఏడుంపావుకి వచ్చింది దుప్పి. పోతు. మెడ వంచి మేస్తోంది. నేను విల్లెత్తగానే నైలాన్ చేతులు రెండూ పక్కల రాసుకుని బరబరమన్నాయి. దాని చెవి ఒక్కటి ఇటు తిరిగింది. వణుకుతున్న చేతులతో, కంగారుగా, తాడు లాగి వదిలాను. వదిలిన క్షణంలోనే తెలిసిపోయింది. ఎడమ చేతి మీద ఉబ్బెత్తుగా ఉన్న కోటు చెయ్యిని తాడు ఫట్టుమని కొట్టుకుంటూ వెళ్ళింది. గుండె మీద దిగాల్సిన బాణం వెనక పొట్టలో దిగింది.

పొట్టలో తగిలితే వెంటనే వెంబడించకూడదట, భయపడి మైళ్ళకొద్దీ పరిగెడుతుంది. ఆరేడు గంటలు ఆగాలి. ఆగాం. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి రక్తం చుక్కలు చూసుకుంటూ వెళ్ళాం. తెల్లటి సున్నపురాళ్ళ మీద ఎర్రటి చుక్కలు. కంచె దగ్గర పక్క రాంచ్ ఆసామికి ఫోన్ చేసి, అడిగి, అవతలికి వెళ్ళాం. చీకటి పడ్డాక టార్చిలైట్లతో వెతికాం. దొరకలేదు. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. తిరిగి వస్తుంటే, ఆ ఏడు ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుఫానుకి ఈ దుప్పులు ఎన్నెన్ని చచ్చిపోయాయో చెప్పాడు. వేడి దేశపు జంతువులు, ఆ చలికి తట్టుకునే కొవ్వూ బొచ్చూ లేవు వాటికి. అంత తుఫానుని తట్టుకుని మిగిలినదాన్ని నేను నా కోటు చేతితో చంపాను. తర్వాత రెండేళ్ళ పాటు విల్లు ముట్టుకోలేదు.

కోటు మాత్రం అలమరాలో వేళ్ళాడుతూనే ఉంది. చూసినప్పుడల్లా చిరాకు. పారేద్దామంటే రెండొందల నలభై డాలర్లు. 2023 సంక్రాంతికి ఊరెళ్తూ పెట్టెలో పెట్టుకున్నాను, నాన్నకని.

మాది నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, హైవే నుంచి లోపలికి వెళ్ళాల్సిన ఊరు. కృష్ణా జిల్లా అని రాయడం అలవాటు, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది. కృష్ణా జిల్లా అనగానే అందరికీ కాలవలూ వరిచేలూ గుర్తొస్తాయి. మాది ఆ కృష్ణా కాదు, మెట్ట. పత్తి, మిరప, మొక్కజొన్న. ఎండాకాలం మాడిపోతాం, సంక్రాంతి రోజుల్లో బందరు వాళ్ళకి తెలియని చలి మాకు తెలుసు. పద్నాలుగు పదిహేను డిగ్రీలే కావచ్చు, మంచు పడి ఒళ్ళంతా చెమ్మగిల్లుతుంటే పొలంలో కూర్చున్నవాడికి అది చాలు.

నాన్నకి అరవై ఏడేళ్ళు. షుగరు. ఆ ఏడు మొక్కజొన్న కండెల్లో పాలు పట్టే సమయం, రాత్రిపూట అడవిపందులు. పందిని చంపకూడదు, డబ్బా మోగించి తోలుకోవాలంతే. నేను అక్కడ డబ్బులు కట్టి మంచె ఎక్కి దుప్పిని కొడుతున్నాను, ఇక్కడ మా నాన్న తన పంట తింటున్న పందికి రాత్రంతా డబ్బా వాయిస్తున్నాడు. ఎవరిని ఏమనాలో తెలియక ఊరుకున్నాను.

కనుమ రాత్రి నేనూ వెళ్ళాను కావలికి. ఆయన తయారయ్యే పద్ధతి జీవితంలో మొదటిసారి బుద్ధిపెట్టి చూశాను. బనీను, లుంగీ, తలకి తువ్వాలు. అంతే. గొంగళి మడిచి భుజాన వేసుకున్నాడు, కప్పుకోలేదు. "చలెయ్యట్లా?" అన్నాను. "నడిచేటప్పుడు చలేందిరా" అన్నాడు. పొలం దగ్గర చెమట ఆరేదాకా అటూ ఇటూ తిరిగి, తువ్వాలుతో వీపు తుడుచుకుని, నెగడు రాజేసి, అప్పుడు కప్పుకున్నాడు గొంగళి, నెత్తి మీదినుంచి ముసుగులా. కాళ్ళు రెండూ గోనెసంచిలో దూర్చి కూర్చున్నాడు. నేను వారాల తరబడి వీడియోలు చూసి నేర్చుకున్న సిద్ధాంతం మొత్తం అదే. నడిచేటప్పుడు విప్పు, కూర్చున్నాక తొడుగు, మధ్యలో చెమట ఆరనియ్యి.

ఆ గొంగళి మా తాతయ్య కొన్నది. మా వైపు గొర్రెలు నెల్లూరు జాతివి, వాటికి ఉండేది వెంట్రుకలే, ఉన్ని కాదు. ఉన్ని కావాలంటే తెలంగాణ వైపు దక్కనీ గొర్రె కావాలి. అందుకని కోదాడ అవతల కురుమల దగ్గర నేయించుకుని తెచ్చాడట. నేసేవాళ్ళు దానికి చింతగింజల గంజి పెడతారు, కొత్తలో అట్టలా బిరుసుగా ఉంటుంది, గుచ్చుకుంటుంది కూడా. మంచు పడితే పైన చుక్కలు నిలబడతాయి, దులిపితే రాలిపోతాయి. కాస్త తడిసినా లోపల వెచ్చగానే ఉంటుంది. అమెరికాలో మెరీనో ఉన్ని చొక్కాకి ఎనభై తొంభై డాలర్లు పోయించేది ఈ గుణానికే. దగ్గరగా చూస్తే గొంగళి అంచంతా చిన్న చిన్న చిల్లులు. నెగట్లోంచి ఎగిరిన రవ్వలు పడ్డవి. "తుమ్మకట్టె పేలుద్ది" అన్నాడు నాన్న. రవ్వ పడుతుంది, అక్కడ నల్లగా మాడుతుంది, ఆరిపోతుంది. యాభై ఏళ్ళ రవ్వల లెక్క దాని మీద ఉంది.

నాకు ఆ చిల్లులు కనపడ్డాయి. అర్థం మాత్రం కాలేదు. మీలో ఎంతమందికి అర్థమైందో తెలియదు.

కోటు ఇచ్చాను. "ఏందిరా ఇది, పరుపు కుట్టించుకొచ్చావా?" అన్నాడు. వద్దన్నాడు. నేను వదల్లేదు. ఆ గొంగళి బరువు మోయడం ఈ వయసులో ఎందుకు, ఇది అరకిలో కూడా లేదు, ఇదుంటే నెగడు కూడా అక్కర్లేదు అని ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ కూడా "కొడుకు అంత దూరం నుంచి తెస్తే తొడుక్కోడానికేం" అంది. నేను విమానం ఎక్కేదాకా ఆయన తొడుక్కోలేదు. ఎక్కాక, కొడుకు తెచ్చాడు కదా అని తొడుక్కున్నాడు. నెగడు మాత్రం మానలేదు. మానడు. నెగడు చలి కోసం ఒక్కటే కాదు. పందులకి మనిషున్నాడని తెలియాలి, పక్క చేలో కావలి ఉన్నవాళ్ళు వచ్చి నాలుగు కబుర్లు చెప్పాలి, కండెలు కాల్చుకోవాలి. ఇవేవీ ఆ కోటు డబ్బా మీద రాయలేదు.

జనవరి ఆఖర్లో ఒక రాత్రి తుమ్మకట్టె పేలింది. రవ్వ ఎడమ చేతి మీద పడింది. నైలాన్ మాడి ఊరుకోదు, కరుగుతుంది. కింద పాలిస్టరు కూడా కరిగి, జిగురులా మణికట్టుకి అంటుకుంది. లాగితే చర్మంతో సహా వచ్చింది.

నాకు చెప్పలేదు. ఎవరినీ చెప్పనివ్వలేదు. ఫిబ్రవరి అంతా వీడియో కాల్లో కుడి చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడాడు, ఎడమ చెయ్యి ఎప్పుడూ తెరలోకి రాలేదు. మార్చిలో అమ్మ నోరుజారింది. మొదట టూత్‌పేస్టు రాసుకుని వారం ఊరుకున్నాడట, పుండు పట్టాక నందిగామ వెళ్ళి కట్టు కట్టించుకోవడం మొదలుపెట్టాడట. షుగరు కదా, మానడానికి రెండు నెలలు. "చెయ్యి తీసేయాల్సి వస్తుందేమోనని భయపడి చచ్చాం" అంది అమ్మ. నేను ఫోన్ చేసి అరిచాను, ఎందుకు చెప్పలేదని. "నువ్వేదో మంచికే తెచ్చావు కదరా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే, తెలివితక్కువతనం ఎక్కడో దొరికింది. కెర్‌విల్‌లో వేటగాడు నిప్పు రాజెయ్యడు. పొగ వాసనకి జంతువు దగ్గరికి రాదు. కాబట్టి వాళ్ళ బట్టలన్నీ నిప్పులేని చలికి తయారైనవి. మా నాన్నది నిప్పున్న చలి. థర్మామీటర్లో రెండూ చలే. 1943లో అచ్చయిన హైమండార్ఫ్ పుస్తకంలో చెంచులున్నారు చూడండి, నల్లమల చలిలో గోచీ, విల్లు. నిప్పు పక్కన పడుకునే మనిషికి రాత్రికి నిప్పే దుప్పటి, వేటకి చెయ్యి బోసిగా ఉంటే తాడుకి తగలడానికి ఏమీ లేదు. ఇది చూసి మనమూ గోచీ కట్టుకోవాలని కాదు :-)

2023 డిసెంబరులో మళ్ళీ విల్లు పట్టాను. ఇప్పుడు నేను తొడుక్కునేవి చెబుతాను, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి. ఒంటికి అతుక్కునే పల్చటి మెరీనో చొక్కా, పొడుగు చేతులది. కాటన్ బనీను ఇంట్లోనే. గుట్ట ఎక్కేటప్పుడు అదొక్కటే, మీద పల్చటి షర్టు, కాస్త వణికినా సరే. మిగతావన్నీ సంచిలో. మంచె కింద పది నిమిషాలు నిలబడి చల్లబడ్డాక, వీపు తుడుచుకుని అప్పుడు తొడుగుతాను. అసలు కిటుకు చేతుల్లేని కోటు. వెచ్చగా ఉండాల్సింది గుండె, పొట్ట. చేతులు కాదు. చేతుల్లేని కోటైతే ఎంత లావుగా ఉన్నా తాడుకి పేచీ లేదు. గాలిని ఆపే నైలాన్ పొర కావాలంటే లోపల వేసుకుని, పైన ఫ్లీసో ఉన్నో వేసుకోవాలి, అప్పుడు చప్పుడు రాదు. ఎడమ ముంజేతికి బట్ట మీదినుంచే ఆర్మ్‌గార్డ్ బిగిస్తాను. ఆర్చరీ పోటీలు చూస్తే చాలామంది ఛాతీకి కూడా గార్డ్ కట్టుకుంటారు, టీషర్టు ముడత కూడా తాడుకి తగలకూడదని. ఆ మాత్రం ఇంగితం నాకు అంతకుముందు ఎందుకు రాలేదో! తలకి మన మంకీ క్యాప్ లాంటిదే, కానీ దవడ దగ్గర పల్చగా ఉండాలి, లేకపోతే లాగిన చెయ్యి ఆనే చోటు మారి గురి తప్పుతుంది. రెండు జతల సాక్సులు బిగించొద్దు, రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి కాళ్ళు. నేనైతే గోనెసంచి పట్టుకెళ్తాను. పెద్దాయన మొదట నవ్వాడు, ఇప్పుడు ఆయనా తెచ్చుకుంటున్నాడు. ఇంకోటి, ఏం తొడుక్కుని వేటకెళ్తారో అవే తొడుక్కుని పెరట్లో వారం రోజులు బాణాలు వెయ్యాలి. ఆగస్టులో అయినా సరే, చెమట కారినా సరే. టెస్ట్ ఎన్విరాన్మెంటూ ప్రొడక్షనూ ఒకటి కాకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

గొంగళి ముక్క ఒకటి తెచ్చుకుని చేతుల్లేని కోటు కుట్టించుకుందామని కూడా చూశాను. నందిగామలో ఇద్దరు టైలర్లు మిషను పాడవుతుందని వద్దన్నారు. ఆ ముక్క ఇప్పుడు మంచె మీద నా కింద పరుచుకోడానికి పనికొస్తోంది. చప్పుడు చెయ్యదు, ఇనుప సీటు చలి పైకి రాదు. గొర్రె వాసన వస్తుంది, నిజమే. ఆ గుట్టల నిండా మేకలూ గొర్రెలే, దుప్పులకి అది కొత్తేమీ కాదని నా నమ్మకం. 2024 జనవరిలో ఒక పోతు పద్దెనిమిది గజాల్లోకి వచ్చింది. నలభై అడుగులు నడిచి పడిపోయింది.

కాలిన కోటు సంగతి అడుగుతారేమో. అమ్మ పారేద్దామంటే నాన్న వద్దన్నాడట, అంత డబ్బు పోసింది పారేస్తారా అని. మొన్న ఫోన్లో చూపించాడు. మొక్కజొన్న చేలో దిష్టిబొమ్మకి తొడిగాడు. ఎడమ చెయ్యి మాడి వేళ్ళాడుతోంది. గాలికి బరబరమని ఒకటే మోత, ఫోన్లో నాకు కూడా వినపడింది. రెండు రాత్రులు పందులు రాలేదట. మూడో రాత్రి వచ్చాయట.